బొట్టు పిలుపూ, ఎమ్మే దరఖాస్తూ

కంటి ఆసుపత్రుల్లో ప్రచారం పనికి కొత్తగా చేరిన ఆడపిల్లలు ఈమధ్య అప్పుడప్పుడు నన్ను చూడడానికి బందరు వస్తున్నారు. కమ్యూనికేషన్‌లో ఎమ్మేలు చేసినవాళ్లు. "ఆంటీ, మీరే పద్ధతిలో చేసేవారు?" అని అడుగుతారు. నేను ఆ ఎమ్మే చదవలేదు. చదవాలని ఒకసారి దరఖాస్తు పెట్టుకున్నాను. నా ఉద్యోగం గురించి నాకు నిజంగా తెలిసింది ఆ దరఖాస్తు పెట్టిన ఏడాదిలోనే. అందుకని వాళ్లడిగినదానికి జవాబుగా ఆ సంగతే రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్లు, సన్మానాలు వదిలేస్తున్నాను. వాటివల్ల కొత్తవాళ్లకి ఒరిగేదేమీ లేదు.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. నేను బడికి వెళ్లలేదు. చిన్నతనంలో ఉబ్బసం. చలిగాలి తగిలితే చాలు, ఊపిరి అందేది కాదు. మా నాన్నగారు బడిపంతులు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆరోజు బడిలో చెప్పిన పాఠమే మళ్లీ నాకూ చెప్పేవారు. "మా క్లాసులో ఆఖరి బెంచీ నీదేనమ్మా, ఎవర్నీ కూర్చోనివ్వడంలేదు" అనేవారు. మెట్రిక్ నుంచి బీయే దాకా అన్నీ ఇంట్లో చదివి పరీక్షకి మాత్రం వెళ్లి రాసినవే. ఆయన రుణం తీరేది కాదు. పూజలో కూర్చుంటే ఇప్పటికీ దేవుడికంటే ముందు ఆయనకే దణ్ణం పెడతాను. కానీ ఆ ఆఖరి బెంచీ మాత్రం మనసులో ఉండిపోయింది. నలుగురి మధ్య కూర్చుని, టీచరు వస్తే లేచి నిలబడి, తెలియంది అడిగి తెలుసుకోవాలని ఉండేది. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టి, ఉద్యోగంలో చేరాక కూడా ఆ కోరిక పోలేదు.

మైకు

నేను పనిచేసింది గుడివాడలో ఒక ధర్మ ఆసుపత్రిలో. పేరు రాయను. ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టేవారు. శుక్లాలున్న వాళ్లని ఎంచి, వ్యానులో ఆసుపత్రికి తీసుకొచ్చి, ఆపరేషన్ చేసి, మళ్లీ ఇంటి దగ్గర దింపేవారు. శిబిరానికి జనాన్ని రప్పించడం నా పని. ఉదయం పాసింజరులో బందరు నుంచి గుడివాడ వెళ్లడం, అక్కణ్నుంచి జీపులో ఊళ్లకి పోవడం.

ఆసుపత్రి కార్యదర్శి వెంకటరత్నం గారు. రైసు మిల్లు యజమాని. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆయనకి మైకు మీద మహా నమ్మకం. ఆటోకి మైకు కట్టించి, ఊళ్లో మూడు వీధులూ తిప్పితే పని అయిపోయినట్టే.

ముదినేపల్లి దగ్గర ఒక ఊళ్లో అలాగే తిప్పాం. శిబిరం రోజున టెంటు కింద డాక్టర్లు, నర్సులు, మేము తప్ప ఎవరూ లేరు. నేను కోపంగా ఊళ్లోకి వెళ్లి, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగాను.

"నిన్నంతా మైకులో చెప్పాం కదండీ, వినపడలేదా?"

"ఎందుకు వినపళ్లేదమ్మా, చెవులు బాగానే ఉన్నాయి, కళ్లే లేవు" అన్నాడాయన. "మైకులో ఊరికి చెప్పారు. నాకెవరు చెప్పారు?"

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగిన మొదటి సంగతి ఇది. మైకు, పాంప్లెట్, టీవీలో కింద పోయే స్క్రోలింగు, ఇవన్నీ ఊరికి చెప్పేవి. మనిషికి చెప్పేవి వేరు. ఆ పెద్దాయన్ని జీపు ఎక్కించుకుని తీసుకొచ్చాను. ఆపరేషన్ అయ్యాక నన్ను చూసి, "గొంతుని బట్టి లావుగా ఉంటావనుకున్నానే!" అన్నాడు.

కుంకుమ భరిణె

బొట్టు పెట్టి పిలవాలన్న ఆలోచన నాకు మా వీధిలో ఒక పెళ్లి పిలుపు చూస్తుంటే వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. గుమ్మంలో నిలబడి, ఇంటావిడ నుదుట బొట్టు పెట్టి, "మా ఇంట్లో పెళ్లి, తప్పకుండా రావాలి" అంటున్నారు. అలా పిలిస్తే మనవైపు ఆడవాళ్లు రాకుండా ఉండరు. రాకపోతే పిలిచినవాళ్లని అవమానించినట్టు. శుభలేఖ వచ్చినా సరే, బొట్టు పెట్టి పిలవలేదని పెళ్లికి వెళ్లని వాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

మరునాడే మా పూజగదిలోని వెండి భరిణె సంచిలో వేసుకుని బయల్దేరాను. నాతో విజయ ఉండేది. మా విభాగంలో కొత్తగా చేరిన పెడన అమ్మాయి, చలాకీది, నన్ను అక్కా అని పిలిచేది. ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. "అమ్మా, లక్షివారం బళ్లో కంటి క్యాంపండీ. మీరు రావాలి, మీ ఇంట్లో పెద్దవాళ్లని తీసుకురావాలి" అని బొట్టు పెట్టి చెప్పేవాళ్లం. ఆ శిబిరానికి ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. కొందరు పువ్వులు పెట్టుకొచ్చారు. మామగార్లని, పక్కింటి వాళ్లని వెంటబెట్టుకొచ్చారు.

వెంకటరత్నం గారు టెంటు బయట నిలబడి చూసి, "ఏవమ్మా సామ్రాజ్యం, క్యాంపు పెట్టావా, పెళ్లి పెట్టావా? భోజనాలు ఎన్నింటికని అడుగుతోందిక్కడ ఒకావిడ" అన్నారు.

ఆ తర్వాత గుడివాడ చుట్టుపక్కల, ఉయ్యూరు వైపు, దివిసీమలో, ఎక్కడికెళ్లినా అదే పద్ధతి. పేటల్లో క్రైస్తవుల ఇళ్ల దగ్గర మాత్రం భరిణె తియ్యకుండా చేతులు జోడించి పిలిచేదాన్ని. టెంట్లు నిండేవి. నిండిన టెంటుని చూసినప్పుడల్లా మా బందరు పాండురంగస్వామికి మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని. నా చేత మంచిపని చేయిస్తున్నాడు, ఇంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని.

నిండిన టెంటు చూసి దణ్ణం పెట్టుకోవడంలో తప్పులేదు. అందులో ఎవరున్నారో చూడకుండా పెట్టుకోకూడదు. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

పేపర్లో ప్రకటన

ఒకరోజు విజయ పేపరు పట్టుకుని పరుగున వచ్చింది. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం కమ్యూనికేషన్ ఎమ్మేలో కొన్ని సీట్లు ఉద్యోగాల్లో ఉండి జనంతో పనిచేసేవాళ్లకి ఇస్తోంది. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు. సంస్థ నుంచి ఉత్తరం కావాలి. చేసిన పని మీద ఒక వ్యాసం రాసి దరఖాస్తుతో పంపాలి, తర్వాత ఇంటర్వ్యూ.

"అక్కా, ఇది మీకోసమే వేశారు. నాకింకా సర్వీసు చాలదు, మీరు పెట్టండి" అంది.

వయసు నిబంధన చూశాను. ఆ ఏడాది దాటితే నాకిక అర్హత లేదు. పేపరు చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. బెంచీ నిజంగానే ఎక్కడో ఖాళీగా ఉందని ఎవరో కబురు పంపినట్టయింది.

మావారు కోర్టులో గుమాస్తా. తక్కువ మాట్లాడతారు. పేపరు చదివి, "రెండేళ్లేగా. పిల్లల్ని నేను చూసుకుంటాను. మా అమ్మ వస్తుంది. నీ ఉబ్బసానికి హైదరాబాదు గాలే మంచిది" అన్నారు. అంతటి మనిషిని ఇచ్చినందుకు దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

వెంకటరత్నం గారి దగ్గరకి ఉత్తరం కోసం వెళ్లాను.

"ఎమ్మే చేసొచ్చి ఏం చేస్తావమ్మా? బొట్టు ఇంకాస్త గుండ్రంగా పెడతావా?"

"నేర్చుకోవాలని ఉందండీ."

"నువ్వే నలుగురికి నేర్పుతున్నావు. నీకెవరు నేర్పుతారు?" అంటూనే ఆఫీసు గుమాస్తాని పిలిచి ఉత్తరం టైపు చేయించారు. సంతకం పెట్టి, "సీటొస్తే వెళ్లు. రాకపోతే ఏడవకు. వెళ్లినా రెండేళ్లలో తిరిగి రావాలి, అక్కడే ప్రొఫెసరువైపోతే ఊరుకోను" అన్నారు.

వ్యాసానికి వాళ్లు ఒక నియమం పెట్టారు. మీ మాట అందిన వాళ్లతోనే కాదు, అందని వాళ్లతో కూడా మాట్లాడి రాయాలి అని. మొదట నాకది చాలా తేలికగా కనిపించింది. మా మాట అందని వాళ్లు ఎవరుంటారు? ఇల్లిల్లూ తిరిగాం కదా.

అరుగు మీద నాంచారమ్మ గారు

విజయా నేనూ దివిసీమ వెళ్లాం. నాగాయలంక అవతల ఒక ఊరు. అంతకు రెండేళ్ల ముందు అక్కడ మా శిబిరాల్లోకెల్లా పెద్ద శిబిరం జరిగింది. పాత ఇళ్లకే మళ్లీ వెళ్లి, వచ్చిన వాళ్లని అడుగుతూ రాసుకుంటున్నాం. ఒక ఇంట్లో కోడలు మమ్మల్ని గుర్తుపట్టి సంబరంగా లోపలికి పిలిచింది. మంచినీళ్లిచ్చింది. మా మామయ్యగారి తమ్ముడికి మీ క్యాంపులోనే కళ్లొచ్చాయండీ అని చెప్పింది.

అరుగు చివర ఒక పెద్దావిడ కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చేత్తో తడిమి తడిమి తీస్తోంది. కోడలు, "మా అత్తగారండీ, నాంచారమ్మ గారు" అంది.

"చూపు ఎప్పట్నుంచి బాలేదు పిన్నిగారూ?" అని అడిగాను.

"అయిందిలే అమ్మా. ముందు పక్కనుంచి పోయింది. ఇప్పుడు ఎదురుగా కాస్త నీడలాగా ఆనుతోంది."

"మరి మా క్యాంపుకి రాలేదేం?"

"నన్నెవరు పిలిచారు?"

కోడలు గబగబా, "అదేంటత్తయ్యా, వీళ్లు ఇంటికొచ్చి పిలిచారుగా, నాకు బాగా గుర్తు" అంది.

"నీకు పెట్టారే బొట్టు. నాకా?" అని నాంచారమ్మ గారు నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి తప్ప నిష్ఠూరం లేదు. "భరిణె పట్టుకుని వస్తున్నారని పక్కింటి పిల్ల అరిస్తే లేచి దొడ్లోకి పోయాను. శుభమా అని వస్తుంటే ముండమోపిని ఎదురుగా కూర్చుంటానా? మీరు పోయేదాకా ఆ గేదె పక్కన నించున్నా. అది కూడా విసుక్కుంది."

విజయ తల దించుకుంది.

"తర్వాతైనా రావలసింది కదండీ. అందరికీ కదా క్యాంపు."

"పట్టుచీరలు కట్టుకుని పోయారమ్మా అందరూ. అందులోకి నేనెక్కడికి?" అంది. మళ్లీ చింతపండు అందుకుని, "అయినా మీ తప్పేముందిలే. బొట్టు పెట్టేచోటే పెడతారు" అంది.

ఆ ఊళ్లోనే ఇంకా నాలుగైదు ఇళ్లు అడిగి చూశాం. అదే మాట. భర్త పోయిన ఆడవాళ్లు మా బొట్టు చూసి తప్పుకున్నారు. మేము తరిమితే పోలేదు. మా మర్యాద కోసం వాళ్లే పక్కకి జరిగారు. అందుకే మాకు కనిపించలేదు. పెద్ద వయసులో కళ్లు పోయేది ఎవరికి? ఊళ్లో పెద్ద వయసు ఆడవాళ్లలో భర్త ఉన్నవాళ్లెంతమంది? ఇంత చిన్న లెక్క మా ఇద్దరికీ తట్టలేదు. కంటి క్యాంపుని నేను పేరంటం చేసి పెట్టాను. పేరంటానికి ఎవరు వస్తారో వాళ్లే వచ్చారు.

బయటికి వచ్చేముందు నాంచారమ్మ గారి చెయ్యి పట్టుకుని, "ఈసారి క్యాంపుకి నేనే వచ్చి తీసుకెళ్తాను పిన్నిగారూ" అన్నాను.

"అలాగేలే అమ్మాయ్" అంది.

జీపులో విజయ అడిగింది. "అక్కా, పేటలో అయితే బొట్టు లేకుండానే పిలిచేవాళ్లం కదా మనం. చేతులు జోడించి. అది ఇక్కడెందుకు తోచలేదు?"

మతం వేరైతే పద్ధతి మార్చుకోవాలని నాకు తెలుసు. మా మతంలోనే, మా గుమ్మాల్లోనే మార్చుకోవలసి ఉందని తెలియలేదు. మనకి బాగా తెలిసిన ఇంట్లోనే మనం గుడ్డిగా నడుస్తాం. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

సంజాయిషీ

వ్యాసంలో ఉన్నదున్నట్టు రాశాను. బొట్టు పద్ధతి ఎలా మొదలైందో, ఎంత పనిచేసిందో, ఎవర్ని బయట నిలబెట్టిందో. నాంచారమ్మ గారు గేదె పక్కన నిలబడ్డ సంగతి కూడా. సంస్థ ఉత్తరంతోపాటు పంపాలి కాబట్టి వెంకటరత్నం గారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చదివారు.

"నువ్వు దరఖాస్తు రాశావా, సంజాయిషీ రాశావా?"

"జరిగిందే రాశానండీ."

"జరిగింది మనకి తెలిస్తే చాలదా? పొరుగూరి వాళ్లకి ఎందుకు? నేను తప్పు చేశానని చెప్పేవాళ్లకి సీటెవరిస్తారమ్మా, వెర్రిదానా?"

ఆయన కాగితాలు తిప్పి గేదె సంగతి మళ్లీ చదివారు. "మా అమ్మ కూడా అంతే" అన్నారు. "నా పెళ్లికి వంటింట్లోనే ఉంది." ఆ మాట తర్వాత కాగితాలు మడిచి, కవరులో పెట్టి, ఆయనే జిగురు రాశారు. ఆ వ్యాసంలో ఒక్క అక్షరం కొట్టెయ్యమనలేదు. నా పై అధికారుల్లో అందరికంటే ఆయనకే నేను ఎక్కువ రుణపడి ఉన్నాను. ఆయన చేసిన వెటకారాలన్నీ కలిపినా ఆ ఒక్కరోజుకి సరిపోవు.

గుడివాడ చేరేదాకా

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. అప్పట్నుంచీ నేను వేరే మనిషినయిపోయాను. విజయ అన్నయ్య విజయవాడ నుంచి ఇంగ్లీషులో కమ్యూనికేషన్ పుస్తకాలు తెచ్చిచ్చాడు. పొద్దున్నే దీపం పెట్టి, పుస్తకం పట్టుకుని రైలెక్కితే గుడివాడ చేరేదాకా తల ఎత్తేదాన్ని కాదు. పంపేవాడు, అందుకునేవాడు, మధ్యలో అడ్డంకి అని బాణం గుర్తులతో బొమ్మలుండేవి. ఆ అడ్డంకి అనే చోట నాంచారమ్మ గారే కనిపించేది నాకు. ఎంత బాగా రాశాడో, అచ్చం మా సంగతే అనుకుని మురిసిపోయేదాన్ని. ప్రొఫెసర్లు ఏ ప్రశ్న అడిగితే ఈ సంగతి ఎలా చెప్పాలో మనసులో సాధన చేసేదాన్ని.

ఈలోగా పనులు విజయ చూసుకునేది. శిబిరాలు ఉయ్యూరు వైపు జరిగాయి. దివిసీమ వంతు ఇంకా రాలేదు. వంతు రాలేదన్నది నిజమే. కానీ ఒక మనిషిని జీపులో ఎక్కించుకుని గుడివాడ తీసుకురావడానికి శిబిరం వంతు అక్కర్లేదు. ఆమె కనిపించిన రోజునే తీసుకురావచ్చు. మరునాడు తీసుకురావచ్చు. నేను తీసుకురాలేదు. నాకా ఆలోచన రాలేదంటే మీరు నమ్మరు. నేనే నమ్మలేకపోతున్నాను. వ్యాసంలో రాశాక నాంచారమ్మ గారి పని పూర్తయినట్టు ఎక్కడో అనిపించి ఉంటుంది.

ఈ పనిలో చదువుకున్నవాళ్లకి ఎదురయ్యే గండం ఇదే. బాధని బాగా చెప్పడం వస్తుంది. బాగా చెప్పగానే ఏదో చేసినట్టుంటుంది.

ఇంటర్వ్యూ

హైదరాబాదులో ఇంటర్వ్యూ గదికి వెళ్లే దారిలో ఒక క్లాసు గది తలుపు తీసి ఉంది. ఎవరూ లేరు. ఆఖరి బెంచీ దాకా నడిచి వెళ్లి, దాని మీద చెయ్యి వేసి, తిరిగి వచ్చేశాను. ఎవరైనా చూస్తారేమోనని కూర్చోలేదు. కూర్చోవలసింది.

ముగ్గురు ప్రొఫెసర్లు. మధ్యలో ఒకావిడ, నాకంటే కాస్త పెద్ద. నేత చీర, తెల్లబడిన జుట్టు. మిగతా ఇద్దరూ మొదట చదువు గురించి అడిగారు. ఇంట్లో చదువుకున్నానంటే ముచ్చటపడ్డారు. మా నాన్నగారి పేరు అడిగారు. పుస్తకాల్లో చదివినవి అడిగితే చెప్పాను. ఆవిడ అంతసేపూ నా వ్యాసం తిరగేస్తూ కూర్చున్నారు.

"సామ్రాజ్యం గారూ, ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ రాసి పంపలేదు. చాలా బాగుంది" అన్నారు.

సీటు వచ్చేసిందనుకున్నాను.

"ఇప్పుడెలా పిలుస్తున్నారు వాళ్లని?"

"ఎవర్నండీ?" అన్నాను.

"అదే, నాంచారమ్మ గారిని, అలాంటి మిగతా వాళ్లని. ఇది తెలిశాక చాలా నెలలు గడిచాయి కదా. ఇప్పుడెలా పిలుస్తున్నారు?"

అన్నిటికీ సాధన చేసుకున్నాను. ఈ ప్రశ్న ఒక్కటి ఏ పుస్తకంలోనూ లేదు. చేతులు జోడించి పిలుస్తున్నామని ఒక మాట అనేస్తే అయిపోయేది.

"ఇంకా పిలవలేదండీ" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. తల ఊపి, వ్యాసం మీద పెన్సిలు పెట్టి పక్కన ఉంచారు. "వెళ్లిరండి" అన్నారు. గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనమే ఇన్నేళ్లూ నన్ను గుచ్చుతోంది.

సీటు రాలేదు. నా జవాబు వల్లే రాలేదో, మంచి అభ్యర్థులు ఇంకా ఉన్నారో, నాకు తెలియదు. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. నా ఉద్యోగంలో నన్ను అడగవలసిన ప్రశ్న అడిగిన మనిషి ఆవిడ ఒక్కరే. ఏడాది తిరిగాక వయసు దాటిపోయింది. సర్వీసు నిండాక విజయ దరఖాస్తు పెట్టింది, చదివింది, ఇప్పుడు నాకంటే ఎంతో బాగా పనిచేస్తోంది. ఆ పిల్లకి సీటు వచ్చిన రోజున స్వామికి కొబ్బరికాయ కొట్టాను. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. రెండూ మనస్ఫూర్తిగానే.

మళ్లీ దివిసీమ

హైదరాబాదు నుంచి వచ్చిన వారంలోనే నాగాయలంక వెళ్లాను. ఈసారి భరిణె తీసుకెళ్లలేదు. నాంచారమ్మ గారు అరుగు మీదే ఉంది. చేతిలో పనేమీ లేదు. నేను ఎదురుగా వెళ్లి నిలబడినా తల నావైపు తిరగలేదు. మాట వినపడ్డాక తిరిగింది.

"నువ్వా అమ్మాయ్! పరీక్షకి పోయావంటగా. మీ విజయ చెప్పిపంపిందిలే. పాసయ్యావా?"

"లేదు పిన్నిగారూ."

"అయ్యో. ఏమడిగారేమిటి అంత కష్టంగా?"

"మిమ్మల్నెలా పిలుస్తున్నానని అడిగారు."

"నన్నా?" అని పకపకా నవ్వింది. "ఆ మాటకి హైదరాబాదు దాకా పోవాలా? నేనిక్కడే ఉన్నాగా. నన్నడగాల్సింది."

ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాను. నీడ ఇంకా ఆనుతోందా అని అడిగాను. చెయ్యి గాలిలో అటూఇటూ ఊపి, "ఆ, అదెప్పుడో పోయిందిలే" అంది, దొడ్లో అరటిచెట్టు పడిపోయిందని చెప్పినట్టు.

అప్పుడే జీపులో గుడివాడ రమ్మంటే, క్యాంపుకే అందరితో వస్తానంది. అక్కడ మళ్లీ పెట్టబోయే శిబిరానికి ఎలా పిలవాలో కూడా ఆమే చెప్పింది. గుమ్మంలో నిలబడకుండా దొడ్డివైపు కూడా వెళ్లమంది. ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరి పేర్లూ ముందు కనుక్కుని, పేరు పెట్టి పిలవమంది. పట్టుచీరలు కట్టుకోవద్దని కోడళ్లకి గట్టిగా చెప్పమంది. "లేకపోతే మళ్లీ పెళ్లి చేసేస్తారు వీళ్లు" అంది. అలాగే చేశాం. మా ఉద్యోగంలో అప్పటివరకూ ఎన్నడూ చూడని మొహాలు ఆ శిబిరంలో చూశాను. తెల్లచీరలు, బోసి నుదుళ్లు. వాళ్లలో చాలామందికి శుక్లాలే. చూపు తిరిగి వచ్చింది. అంతవరకూ దేవుడి దయ.

నాంచారమ్మ గారు కూడా వచ్చింది. కోడలి చెయ్యి పట్టుకుని, ఎండలో, అందరికంటే ముందు వచ్చి లైనులో కూర్చుంది. డాక్టరు గారు లైటు వేసి రెండు కళ్లూ చూశారు. శుక్లం కాదు, నీటికాసులు, పోయిన చూపు తిరిగిరాని జబ్బు. ఇక చేయగలిగిందేమీ లేదన్నారు. ఆయన్ని పక్కకి పిలిచి, కొన్ని నెలల ముందు తీసుకొచ్చి ఉంటే ఉన్న చూపు నిలిచేదా అని అడిగాను. ఆయన నా మొహం చూసి, చెప్పలేమండీ అని తర్వాతి మనిషిని పిలిచారు. చెప్పలేకపోయారో, చెప్పదలుచుకోలేదో, నేను మళ్లీ అడగలేదు.

నాంచారమ్మ గారిని చెయ్యి పట్టుకుని టెంటు బయటికి తీసుకొచ్చి నీడలో కూర్చోబెట్టాను. మంచినీళ్లిచ్చాను.

"లాభం లేదన్నారు పిన్నిగారూ" అన్నాను.

"తెలుసుగా నాకు. నీళ్లకాసులని అవనిగడ్డ డాక్టరు పోయిన నెల్లోనే చెప్పాడు."

"మరి తెలిసి, ఇంత ఎండలో ఎందుకొచ్చారు?"

ఆమె గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నువ్వు పిలిచావుగా అమ్మాయ్" అంది. "పిలిస్తే రావద్దూ?"